మూడో పేజీలోని చెట్లకు పేర్లు లేవు

నల్గొండ

తమ్ముడూ,

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. మొదలుపెట్టిన తీరు బాగుంది. మూడో పేజీకి వచ్చేసరికి కోపమొచ్చింది. ‘నల్లమల చెట్లు మట్టి కింద చేతులు పట్టుకుని ఒకదానికొకటి అన్నం తినిపించుకుంటాయి’ అని రాశావు. ఏ చెట్లు? పదకొండు పేజీల్లో ఒక్క చెట్టుకూ పేరు లేదు.

నువ్వు అచ్చంపేటలో పుట్టినవాడివి. మన్ననూరు దాటితే నల్లమద్ది, చిరుమాను, ఏగిస, తునికి, బిల్లుడు అన్నీ కలగలిసి ఉంటాయని నీకు నేను చెప్పాలా? నువ్వు ఎత్తుకున్న ప్రశ్నే రకరకాల చెట్లు కలిసి ఉన్నచోట వేర్లు ఎలా పెరుగుతాయని. దేని పక్కన ఏది ఉందో చెప్పకపోతే ఇక ఆ ప్రశ్న ఎక్కడుంది?

ఈమధ్య అడవి మీద రాసేవాళ్లందరికీ ప్రతి చెట్టూ పిల్లలకు తినిపించే తల్లే. వేర్లను అంటుకుని శిలీంధ్రాలు, అంటే బూజు, పుట్టగొడుగుల జాతివి, సన్నటి దారాల్లా పాకి బతకడం నిజం. చెట్టుకు భాస్వరం, నీళ్లు అందించి, బదులుగా చక్కెర తీసుకుంటాయి. ఆ దారాల గుండా ఒక చెట్టు ఇంకో చెట్టుకు తిండి పంపుతుందనే మాటకు మాత్రం అడవుల్లో దొరికిన రుజువు బలంగా లేదని 2023లో ఆ రంగంలో పనిచేసేవాళ్లే రాశారు. వేర్లు ఎక్కువుంటే ప్రేమ ఎక్కువని కూడా అనుకోకు. పక్కదానితో నీళ్ల కోసం పోటీ పడి కూడా చెట్టు వేర్లు పెంచుతుంది.

కొన్ని లోతుకు పోతాయి, కొన్ని పైపైనే పరుచుకుంటాయి. అలాంటివి కలిస్తే, ఒక్కటే ఉన్నప్పుడు ఖాళీగా మిగిలే మట్టిలోకి కూడా వేర్లు చేరొచ్చు. ఒకే జాతి ఉన్నచోట దాని వేర్లను పట్టే తెగులు మట్టిలో పేరుకోవచ్చు. చైనాలోని జియాంగ్సీలో 2009 నుంచి ఒక జాతి మొదలు 24 జాతుల దాకా కలిపి మడులు మడులుగా చెట్లు నాటి చూస్తున్నారు. లోకంలో ఇలా వేర్లు తూచినవాళ్లందరికీ ఒకే జవాబు రాలేదు. కొన్నిచోట్ల కలిపి నాటితే సన్నవేర్లు పెరిగాయి, కొన్నిచోట్ల తేడాయే లేదు. ఏ జాతులు కలిశాయన్నదాన్ని బట్టి మారుతుంది. నీ కౌగిలింతల కంటే ఇది ఎంత పెద్ద కథో చూడు!

పేర్ల గురించి ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానంటే, నా తొలి కథల్లో ఒకదానిలో మా అమ్మ తునికిపండ్ల కోసం గుట్టకు పోతుంది. ఒక వారపత్రిక ఎడిటర్ ‘మన పాఠకులకు తెలియదు’ అని దాన్ని ‘అడవి పండ్లు’ చేశాడు, ‘చెల్క’ను ‘పొలం’ చేశాడు. అచ్చయిన కథ అమ్మకు చదివి వినిపిస్తే, ‘ఏ పండ్లు బిడ్డా?’ అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ పత్రికకు మళ్లీ ఒక్క ముక్క పంపలేదు. నిన్ను ఏ ఎడిటరూ మార్చమనలేదు, నీ అంతట నువ్వే చెరిపేసుకున్నావు. అదే నాకు బాధ.

మా నాన్న బావి తవ్వించేటప్పుడు నేను తట్ట అందించేవాణ్ని. మూరెడు లోతు లోపలే వెంట్రుకల్లాంటి వేర్లు గుత్తులు గుత్తులుగా వచ్చేవి. రెండు మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉండే ఇలాంటివే నీళ్లు పీల్చేవని తర్వాత ఎప్పుడో చదివాను. నాన్న ఏదీ చదవలేదు. ఒక వేరు కొరికి, ‘చేదుంది, వేపది’ అనేవాడు.

వ్యాసంతో పాటు పెట్టిన చీటీలో, మీ చెల్క గట్టున కానుగ, వేప పక్కపక్కనే ఉన్నాయని రాశావు. కానుగ వేర్ల బుడిపెల్లో నత్రజని పట్టే బ్యాక్టీరియా ఉంటుంది, చూడదగ్గ చెట్టు. ఆ చీటీ నీ వ్యాసం కంటే నాకు నచ్చింది. అక్కడి నుంచి మొదలుపెట్టు. అడవిలో తవ్వకు, అది పులుల రిజర్వు. తొలకరి పడ్డాక నేల మెత్తబడుతుంది. ఆ రెండు చెట్ల నడుమ ఒకచోట, వేప ఒక్కటే ఉన్నచోట ఇంకొకటి, గడ్డపారతో రెండు జానల లోతు తవ్వు. రెండిట్లోనూ ఒకే కొలత మట్టి తీసి, జల్లెడలో నీళ్లతో కడిగి, మిగిలిన వేర్లు ఆరబెట్టి తూచు. కంటికి ఏం కనబడిందో అదే రాసి పంపు.

పుస్తకం గురించి, అవార్డుల గురించి అడిగినవి ఇప్పుడు వద్దు. గుంతలు పూడ్చడం మరిచిపోకు, గట్టు కోసుకుపోతుంది.

మీ అన్న