ఆఫ్రికా స్వతంత్ర దర్శకుడికి అవార్డు కన్నా థియేటర్ అద్దె లెక్క ముఖ్యం

స్టూడియోల అండ లేకుండా సినిమాలు తీసే ఆఫ్రికా దర్శకుడి కెరీర్ ఫెస్టివల్ అవార్డులతో గట్టెక్కుతుందా అని అడిగారు. గట్టెక్కదు. అవార్డు వచ్చిన వారం పేపర్లో ఫొటో పడుతుంది, అంతే. కొనేవాడు రాకపోయినా సినిమాను జనం దగ్గరికి చేర్చగలిగినవాడే నిలబడతాడు. ఇందులో ఇథియోపియా దర్శకుడు హైలే గెరిమాను మించినవాళ్లు లేరు.

ఈయన 1946లో ఇథియోపియాలోని గోండార్‌లో పుట్టారు. 1967లో అమెరికా వెళ్లి, ముందు షికాగోలో నాటకం, తర్వాత లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూసీఎల్‌ఏ)లో సినిమా చదివారు. చక్రవర్తి హైలే సెలాసీ గద్దె దిగిన 1974లో స్వదేశం వెళ్లి ‘హార్వెస్ట్: 3000 ఇయర్స్’ తీశారు. ఇథియోపియా వాళ్ల అమ్హరిక్ భాష, 16 ఎంఎం (సన్న రకం ఫిల్ము), బ్లాక్ అండ్ వైట్. 16 ఎంఎం ఫిల్ము నిమిషానికి 36 అడుగులు తింటుంది, 400 అడుగుల రోలు 11 నిమిషాల్లో అయిపోతుంది. రెండున్నర గంటల సినిమాకు ప్రతి షాటూ ఒక్క టేకులో ఓకే అయినా 14 రోళ్లు కావాలి. మూడేసి టేకులంటే నలభై దాటతాయి. దగ్గర్లో ల్యాబ్ లేనప్పుడు రోళ్లు విదేశానికి పంపాలి, రషెస్ (కడిగి వచ్చిన తొలి ఫుటేజీ) చూసేసరికి వారాలు గడుస్తాయి. గేటులో (కెమెరాలో ఫిల్ము మీద వెలుతురు పడే కిటికీ) వెంట్రుక ఇరుక్కుందనో, మ్యాగజైన్‌లోకి (ఫిల్ము ఉండే డబ్బా) వెలుతురు దూరిందనో అప్పుడు తెలిసి ఏం లాభం? యూనిట్ ఎప్పుడో సర్దుకుని వెళ్లిపోయి ఉంటుంది. అందుకే ఆ కాలం కెమెరామెన్ రోలు మార్చిన ప్రతిసారీ గేటు తుడిచి, భూతద్దంతో చూసేవాళ్లు.

అసలు చెప్పాల్సింది ‘సంకోఫా’ సంగతి. బానిసల వ్యాపారం మీద తీసిన ఈ సినిమా 1993లో బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్ పోటీ విభాగంలో ఆడింది. అయినా అమెరికాలో పెద్ద డిస్ట్రిబ్యూటర్ ఒక్కరూ ముందుకు రాలేదు. గెరిమా, ఆయన భార్య షిరికియానా ఐనా కలిసి వాషింగ్టన్‌లో థియేటర్ అద్దెకు తీసుకుని సొంతంగా విడుదల చేశారు. జనం పోటెత్తారు. తర్వాత ఒక్కో ఊళ్లో అక్కడి నల్లజాతి సంఘాలను కలుపుకుని అదే పద్ధతిలో ఆడించుకుంటూ పోయారు.

మన సింగిల్ స్క్రీన్ల అద్దె పద్ధతి తెలిసినవాళ్లకు ఇది కొత్తేం కాదు. వారం అద్దె ముందే కట్టాలి, కలెక్షన్ మొత్తం మనది, నష్టమూ మనదే. పర్సంటేజి మీద, అంటే వసూళ్లలో థియేటర్‌కు వాటా ఇచ్చి ఆడిస్తే రిస్కు తక్కువే, కానీ మొదటి వారాంతం కాస్త పలచబడితే చాలు, షోలు పీకేస్తారు. సంఘాల ద్వారా మాట పాకి జనం వచ్చే సినిమాకు ఆ మొదటి వారాంతమే గండం.

ఉదాహరణకు వారం అద్దె 5,000 డాలర్లు, టికెట్ 7 డాలర్లు అనుకోండి. అద్దె వెనక్కి రావాలంటే 715 మంది కావాలి. రోజుకు నాలుగు షోలైతే షోకు 26 మంది. ప్రింటు, పోస్టర్లు, రవాణా కలిపితే ఇంకా పెరుగుతుంది. కాబట్టి విడుదలకు ముందే సంఘాల చేత టికెట్ల కట్టలు అమ్మించాలి. చాలామంది దెబ్బతినేది ఒప్పందం దగ్గర. సినిమా బాగా ఆడుతుంటే, వచ్చే శుక్రవారం వేరే సినిమాకు ఇచ్చేశామంటాడు థియేటర్ వాడు. అదే అద్దెకు మరికొన్ని వారాలు పొడిగించుకునే హక్కు మొదటి కాగితంలోనే రాయించుకోవాలి.

ప్రింటు బాధ వేరే. రెండు గంటల పైచిలుకు సినిమా థియేటర్లలో ఆడే 35 ఎంఎం ఫిల్ములో 11 వేల అడుగులు దాటుతుంది. 2,000 అడుగుల రీళ్లు ఆరు, బరువు పాతిక కిలోల పైమాటే. ప్రతి థియేటర్‌లో ఆపరేటర్ రీళ్లు అతికి, ఆట అయ్యాక మళ్లీ విడగొడతాడు. ప్రతిసారీ రీలు చివర రెండు ఫ్రేములు పోతాయి. పది ఊళ్లు తిరిగాక రీలు మారేచోట డైలాగు ఎగిరిపోయేది ఇందుకే.

ఫెస్టివల్స్ మీద నా కోపం ఒకటుంది. ఆఫ్రికా సినిమాకు పెద్ద పండుగైన, బుర్కినా ఫాసో రాజధాని ఊగడూగులో జరిగే ఫెస్పాకో ఫెస్టివల్, ప్రధాన పోటీకి 35 ఎంఎం ప్రింటే కావాలని పట్టుబట్టి 2015లో గానీ డిజిటల్‌ను రానివ్వలేదు. డిజిటల్‌లో తీసిన కుర్ర దర్శకులు పోటీ కోసమే అప్పు చేసి ఫిల్ము ప్రింటు వేయించాలా? చాలా అన్యాయం.

గెరిమాకూ అవార్డులు వచ్చాయి. ఆయన సినిమా ‘తెజా’కు 2008లో వెనిస్ ఫెస్టివల్‌లో స్పెషల్ జ్యూరీ బహుమతి, 2009లో ఫెస్పాకో గ్రాండ్ ప్రైజ్. కానీ ఇల్లు గడిచింది హోవర్డ్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన జీతంతో. సొంత డిస్ట్రిబ్యూషన్ సంస్థ పెట్టుకున్నారు, యూనివర్సిటీ ఎదురుగా పుస్తకాల షాపు నడిపారు. సినిమా హక్కులు చేతిలో ఉంచుకున్నారు.

మీరు సినిమా తీసే ఆలోచనలో ఉంటే మూడు కాగితాలు జాగ్రత్త. టీవీ కో-ప్రొడ్యూసర్‌కు (సినిమాలో డబ్బు పెట్టే టీవీ సంస్థ) ఇచ్చే హక్కులకు ఏ దేశాలు, ఎన్నేళ్లు అన్నది అంకెల్లో ఉండాలి. స్కూళ్లు, సంఘాల్లో ప్రదర్శించే హక్కు వేరుగా అట్టిపెట్టుకోవాలి. మాస్టర్ (కాపీలన్నిటికీ మూలమైన అసలు ప్రతి) ఎక్కడ ఉన్నా, ఎవరి మాట మీద బయటికి వస్తుందో రాసి ఉండాలి. ల్యాబ్ బిల్లు బాకీ పడితే నెగెటివ్ అక్కడే ఆగిపోతుంది, ఆపైన దర్శకుడికే తన సినిమా అందదు. హక్కులు తమ చేతిలోనే ఉన్నాయి కాబట్టి, ‘సంకోఫా’ను బాగుచేసి 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టినప్పుడు సంతకం చేయాల్సింది గెరిమా వాళ్లే.