పాత రెమింగ్టన్ 788: కొనే ముందు చూసుకోవాల్సినవి

ప్రశ్న: తాకట్టు కొట్లో రెమింగ్టన్ 788 ఒకటి కనబడింది. 243 విన్‌చెస్టర్ తూటా పేల్చేది. మ్యాగజైన్ (తూటాల పెట్టె) లేదు. 375 డాలర్లు చెబుతున్నాడు. ఈ నవంబరులో జింకల వేటకి వెళ్దామనుకుంటున్నాను, ఇదే నా మొదటి రైఫిల్ అవుతుంది. ఏమేం చూడాలి?
– ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: రైఫిల్ మంచిదే, ధరే కాస్త ఎక్కువ. 700 మోడల్ అంత పెట్టలేనివాళ్ళ కోసం రెమింగ్టన్ 1967 నుంచి 1983 దాకా చేసిన చవక రకం ఇది. పొదుపంతా కర్రలోనూ పైమెరుగులోనూ చేశారు. బ్యారెల్ జోలికి పోలేదు, అందుకే గురి విషయంలో 788కి ఇప్పటికీ మంచి పేరుంది.

కొట్టువాడు ఏం చెప్పినా సరే, ముందు బోల్ట్ (తూటాని లోపలికి తోసి వెనకనుంచి మూసే కడ్డీ) వెనక్కి లాగి ఛాంబర్‌ని (తూటా కూర్చునే చోటుని) కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. ఖాళీ అని ఖాయమయ్యాకే మిగతా పరీక్ష.

మొదట బోల్ట్ పిడి. ఈ మోడల్‌లో పిడిని విడిగా చేసి బోల్ట్‌కి బ్రేజింగ్‌తో (వేరే లోహం కరిగించి) అతికించారు. ఛాంబర్‌లో ఇరుక్కున్న ఖాళీ కేసుని (పేలిన తూటా గొట్టాన్ని) బలంగా లాగినప్పుడో, సుత్తితో తట్టినప్పుడో ఆ అతుకు ఊడిపోవడం 788కి తెలిసిన జబ్బు. బోల్ట్ బయటకి తీసి అతుకు చుట్టూ టార్చి వేసి చూడండి. వెంట్రుక మందం గీత ఉన్నా, కొత్తగా మెరిసే అతుకు లోహం కనబడినా వదిలేయండి. మళ్ళీ అతికించడం కుదిరే పనే కానీ, వేడి బోల్ట్ వెనకవైపు లగ్గుల్లోకి (బోల్ట్‌ని తాళంలా పట్టి ఉంచే పళ్ళలోకి) పాకకుండా చెయ్యగల నిపుణుడు కావాలి. ఈ బోల్ట్‌కి లగ్గులు ముందు ఉండవు. వెనక, మూడు వరసల్లో తొమ్మిది ఉంటాయి. వాటి అంచులు నలిగాయేమో కూడా చూడండి.

తర్వాత బ్యారెల్. కొట్లో ఉన్న రైఫిల్ లోపల మసి ఉంటుంది, కాబట్టి ముందొక గుడ్డముక్క దూర్చి తుడవనివ్వమని అడగండి. ఒప్పుకోకపోతే అదీ ఒక జవాబే. వెనకనుంచి వెలుతురు చూస్తే గాడులు ఛాంబర్ దగ్గరనుంచే పదునుగా మొదలవ్వాలి. 243 కొంచెం వేడి తూటా, అదే వయసు 308 తూటా రైఫిల్ కంటే దీని గొంతు (ఛాంబర్ ముందు బ్యారెల్ మొదలు) త్వరగా అరుగుతుంది. ఛాంబర్ ముందు రెండు మూడు అంగుళాల మేర మొసలి చర్మంలా పగుళ్ళు కనబడితే చాలా కాల్చారన్నమాట. బ్యారెల్ మూతి అంచుని గోటితో చుట్టూ తడమండి. ఎక్కడైనా నొక్కు తగిలితే గురి చెదురుతుంది. మూతిని తిరిగి కోయించడం మాత్రం తేలికపాటి, చవక పని.

ట్రిగర్ పరీక్ష కొట్లోనే చెయ్యాలి. యజమానిని అడిగి, డమ్మీ తూటా పెట్టి, మూతి సురక్షితమైన దిక్కుకి తిప్పుకోండి. బోల్ట్ తెరిచి మూసి కాక్ చేసి, సేఫ్టీ వేసి, ట్రిగర్ గట్టిగా నొక్కి వదిలెయ్యండి. ఇప్పుడు సేఫ్టీ తియ్యండి. ఫైరింగ్ పిన్ (తూటా వెనక కొట్టే సూది) పడకూడదు. ఇంకోసారి కాక్ చేసి, సేఫ్టీ లేకుండా, కర్ర వెనక చివర అరచేత్తో రెండు మూడు దెబ్బలు కొట్టండి. బోల్ట్‌ని విసురుగా కూడా మూసి చూడండి. ఒక్కసారి పిన్ పడినా ఆ రైఫిల్ మీకొద్దు.

హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్ట్‌కీ ఛాంబర్‌లో తూటా ఆనే చోటుకీ మధ్య దూరం, కంటితో తేలదు. తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గర గో, నో-గో గేజ్‌లుంటాయి (తూటా ఆకారంలో ఉండే కొలత దిమ్మలు). 243కి గో 1.630 అంగుళాలు, నో-గో 1.634. ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటకి విసిరే భాగం) తీసేశాక బోల్ట్ మొదటిదాని మీద మూసుకోవాలి, రెండోదాని మీద మూసుకోకూడదు. లగ్గులు వెనక ఉన్నందువల్ల కాల్చినప్పుడు బోల్ట్ కాస్త నొక్కుకుని కేసు సాగుతుంది. ఫ్యాక్టరీ తూటా వాడి పారేసేవాళ్ళకి దీంతో పేచీ లేదు. కేసుల్ని తిరిగి నింపుకునేవాళ్ళు మాత్రం కేసు అడుగుకి కాస్త పైన మెరుపు గీత వస్తోందేమో గమనించుకోవాలి.

ఇక మ్యాగజైన్. ఇది లేకపోతే ఒక్కో తూటా చేత్తో లోపలికి తోసుకోవాలి. మూడు తూటాల ఆ చిన్న రేకు పెట్టె కంపెనీ ఇప్పుడు చెయ్యడం లేదు. పాతవి దొరికినా ధర మండిపోతుంది, పైగా 222 తూటా రకానిది 243కి పట్టదు. దొరికినదాని పెదాలు (తూటాని పట్టి ఉంచే పై అంచులు) వంగాయేమో చూడండి, తూటా ముక్కు ఛాంబర్‌లోకి ఎక్కే ర్యాంప్‌కి గుద్దుకోవడానికి కారణం చాలాసార్లు అదే. కొత్త సావేజ్ యాక్సిస్ లాంటివి నాలుగైదు వందలకే వస్తున్నప్పుడు, మ్యాగజైన్ లేని 788కి 250 దాటి ఇవ్వమని మేం చెప్పం.

ఏ నెలలో తయారైందో తెలుసుకోవాలంటే బ్యారెల్ ఎడమవైపు, రిసీవర్ (బోల్ట్ ఉండే భాగం) దగ్గర ఉన్న చిన్న అక్షరాలు చూడండి. మొదటిది నెల. ఇంగ్లీషులో ‘బ్లాక్‌పౌడర్’ అని రాసి చివర ఎక్స్ చేరిస్తే పన్నెండు అక్షరాలు: జనవరికి బి, ఫిబ్రవరికి ఎల్, అలా డిసెంబరుకి ఎక్స్. రెమింగ్టన్ వాళ్ళ సరదా.

ప్రశ్న: నా 788లో సేఫ్టీ వేస్తే బోల్ట్ తెరుచుకోదు. తూటాలు తియ్యాలంటే సేఫ్టీ తీయక తప్పడం లేదు. పాడైందా?
– ట్యులేర్, కాలిఫోర్నియా

జవాబు: పాడవలేదు, మొదట్లో చేసినవి అంతే. అయితే ఖాళీ చేసే ఆ క్షణమే ప్రమాదం. మూతి నేలవైపు, వేలు ట్రిగర్‌కి దూరంగా పెట్టుకుని, ముందు మ్యాగజైన్ తీసి, తర్వాత సేఫ్టీ, ఆ వెంటనే బోల్ట్. ఇంట్లోగానీ కారులోగానీ ఈ పని పెట్టుకోవద్దు.

ప్రశ్న: 243ని ఎంత దూరానికి సరిచేసుకోవాలి? ఏ తూటా?
– కేటీ, టెక్సస్

జవాబు: జింకకి 95 లేదా 100 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) మెత్తటి ముక్కు బుల్లెట్ వాడండి. అరలో దాని పక్కనే 55, 58 గ్రెయిన్లవి ఉంటాయి. అవి నక్కలకీ కొయోట్లకీ. జింక భుజానికి తగిలితే పైపైనే చిట్లిపోతాయి, జంతువు గాయంతో పారిపోతుంది.

ముందు 25 గజాల్లో కాగితం మీద పడేలా చూసుకుని 100 గజాలకి వెళ్ళండి. అక్కడ గురికి ఒకటిన్నర నుంచి రెండంగుళాలు పైన తగిలేలా పెడితే 200 గజాల దగ్గర దాదాపు సూటిగా పడుతుంది. మామూలు స్కోప్ ఒక క్లిక్కుకి 100 గజాల్లో పావు అంగుళం జరుగుతుంది. 25 గజాల్లో అంతే జరగాలంటే నాలుగు క్లిక్కులు కావాలి, చాలామంది తడబడేది ఇక్కడే. మూడేసి కాల్చి, బ్యారెల్ చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే మళ్ళీ కాల్చండి. మూడూ అంగుళంన్నరలో పడితే చాలు. జింక ఛాతీలో ప్రాణస్థానం ఎనిమిదంగుళాల పైనే ఉంటుంది. మూడు గుళ్ళు మూడు దిక్కులకీ పోతుంటే బ్యారెల్‌ని తిట్టకముందు స్కోప్ బేస్ మరలు, కర్రని పట్టి ఉంచే మరలు బిగించి చూడండి.

ప్రశ్న: హెచ్-1బి మీద ఉన్నాను. నేను రైఫిల్ కొనొచ్చా?
– ఇర్వింగ్, టెక్సస్

జవాబు: నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది, కానీ మినహాయింపులున్నాయి. అమెరికాలో ఏ రాష్ట్రమైనా ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు అందులో ఒకటి. గ్రీన్ కార్డు వాళ్ళకి ఈ షరతు లేదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. డీలర్ దగ్గరికి లైసెన్సు, ఇంటి చిరునామా రుజువు తీసుకెళ్ళండి, ఇంకేం కావాలో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. టెక్సస్ వేట లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది. సీజన్ లేదు కదా అని ఊరుకోకండి. రైఫిల్ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ లైసెన్సు చెల్లుబాటులోనే ఉండాలి.