చేవెళ్ల దగ్గర జెర్బెరా పాలీహౌస్‌కు ఫ్యాన్-ప్యాడ్ మేలా, ఫాగర్లు మేలా?

1000 చదరపు మీటర్ల పాలీహౌస్ (ప్లాస్టిక్ షీటు కప్పిన పంట ఇల్లు), జెర్బెరా పూలు, బోరు నీళ్లు అన్నారు, లోపల చల్లబరచడానికి ఏది పెట్టాలని అడిగారు. మాదీ అటువైపే, అదే పంట. మీ పరిస్థితికి ఫ్యాన్-ప్యాడే నయం, అంటే ఒక గోడకు నీళ్లతో తడిసే మందపాటి ప్యాడ్, ఎదుటి గోడకు ఆ ప్యాడ్ గుండా గాలిని లాగే ఫ్యాన్లు.

అమ్మేవాళ్లు "పదిహేను డిగ్రీలు తగ్గిస్తాం" అంటారు. ఎంత తగ్గాలో తేల్చేది వాళ్ల యంత్రం కాదు, గాలిలోని తేమ. మే నెల మధ్యాహ్నం నీడలో రెండు థర్మామీటర్లు వేలాడదీసి, ఒకదాని గుండుకు తడి గుడ్డ చుట్టి విసనకర్రతో విసరండి. పొడిది 40, తడిది 23 చూపితే తేడా 17. మంచి ప్యాడ్ అందులో 80 శాతం దాకా తగ్గిస్తుంది. అంటే ప్యాడ్ దాటిన గాలి 26-27 డిగ్రీలుంటుంది. విశాఖలో పొడిది 34 ఉన్నప్పుడు తడిది 29 ఉంటే తేడా 5 మాత్రమే. ఇంట్లో కూలర్ ఇక్కడ హాయినిచ్చి అక్కడ జిడ్డు చెమట పట్టించేది ఇందుకే.

ఫ్యాన్ల వైపు వెళ్లేకొద్దీ గాలి మళ్లీ వేడెక్కుతుంది కాబట్టి ప్యాడ్‌కూ ఫ్యాన్లకూ మధ్య 40 మీటర్లు దాటనివ్వకండి. మీ విస్తీర్ణానికి నిమిషానికి సుమారు 2,500 ఘనపు మీటర్ల గాలి కావాలి: 50 అంగుళాల ఫ్యాన్లు నాలుగు, 100 మిల్లీమీటర్ల మందం ప్యాడ్ 33 చదరపు మీటర్లు. కొటేషన్లలో కోత పడేది ప్యాడ్‌కే. అది తగ్గితే గాలి సరిగా తడవకుండానే దూసుకుపోతుంది, నీటి తుంపరలు మొక్కల మీద పడతాయి.

ఫాగర్లు, అంటే నీటిని పొగమంచులా చల్లే నాజిళ్లు, చవకే. కానీ మన బోరు నీళ్ల ఉప్పుకు నాజిళ్లు మూసుకుపోతాయి, పూరేకుల మీద తెల్ల మచ్చలు పడతాయి. మచ్చ పడిన పువ్వును హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో ఎవరు కొంటారు? పూలు తడిగా ఉంటే బూజు తెగులు సరేసరి. ప్యాడ్‌కూ ఉప్పు బెడద తప్పదు. ఆవిరయ్యేది నీరే, ఉప్పంతా ప్యాడ్‌కు నీళ్లు తిప్పే ట్యాంకులో పేరుకుంటుంది. అందుకే రోజూ కొంత నీరు బయటికి వదిలి కొత్త నీరు నింపాలి. సాయంత్రం పంపు ఆపాక కాసేపు ఫ్యాన్లు తిప్పి ప్యాడ్ ఆరనిస్తే పాచి పట్టదు. పైకప్పు మీద పడే వాన నీటిని పట్టే గుంత తవ్వించుకుంటే ఇంకా మంచిది.

కరెంటు సంగతి మరవకండి. ఫ్యాన్-ప్యాడ్ ఇల్లంటే నాలుగు వైపులా మూసి ఉండేదే. మధ్యాహ్నం కరెంటు పోతే నిమిషాల్లో ఉడికిపోతుంది. జనరేటర్‌ను మొదటి అంచనాలోనే చేర్చండి. పక్క కర్టెన్లు చేత్తో పైకి చుట్టేలా పెట్టించండి.

కొటేషన్ వచ్చాక ప్యాడ్ మందం, విస్తీర్ణం ఇక్కడ రాయండి, లెక్క చూసి చెబుతాను.