ఒకే శాంపిల్‌కు రెండు సైజులా? ల్యాబ్ ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: సార్, నేను ఎమ్మెస్సీ ఫైనలియర్ చదువుతున్నాను. మా బాలానగర్ సీతాఫలం ఆకుల రసంతో సిల్వర్ నానోపార్టికల్స్ (అతి సూక్ష్మమైన వెండి గింజలు) తయారు చేశాను. హైదరాబాద్ పంపించి టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో) తీయిస్తే గింజ సైజు 20 నానోమీటర్లు అని వచ్చింది. డీఎల్ఎస్‌లో (లేజర్ వెలుగుతో కణాల సైజు కొలిచే మెషీన్) పెడితే 95 చూపిస్తోంది. ఏదో ఒకటే రాయమని మా సీనియర్లు అంటున్నారు. ఏది రాయాలి? వైవా దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: రెండూ రాయమ్మా. ఒకటి దాచిపెడితే ఎక్స్‌టర్నల్ సరిగ్గా దాన్నే అడుగుతారు.

ఆ రెండు మెషీన్లూ కొలిచేది ఒకటి కాదు. టీఈఎంలో పెట్టేది ఆరబెట్టిన శాంపిల్, ఫొటోలో నల్లగా కనిపించేది వెండి గింజ ఒక్కటే, దాని చుట్టూ అతుక్కున్న ఆకురసం పొర అందులో పెద్దగా ఆనదు. డీఎల్ఎస్ అయితే గింజను చూడనే చూడదు. నీళ్లలో ఉన్న కణాలను నీటి అణువులు ఎప్పుడూ తోస్తూనే ఉంటాయి కాబట్టి అవి అటూ ఇటూ కదులుతుంటాయి, మెషీన్ లేజర్ వేసి, చెదిరి వచ్చే వెలుగు ఎంత త్వరగా మారుతోందో చూసి, ఆ కదలికను బట్టి, ఐన్‌స్టీన్ 1905లో ఇచ్చిన లెక్కతో వ్యాసం కడుతుంది. కురుమూర్తి జాతరలో నెత్తిన మూట ఉన్న మనిషి మెల్లగా నడిచినట్టు, పొర కట్టుకున్న గింజ కూడా మెల్లగా కదులుతుంది, మెషీన్ మూటతో సహా లెక్కేస్తుంది.

కానీ 20కి, 95కి మధ్య తేడా అంతా పొర వల్లే అంటే నేను నమ్మను. అసలు కారణం ఇంకోటి. ఇంత చిన్న కణాలు చెదరగొట్టే వెలుగు వ్యాసానికి ఆరో ఘాతంలో పెరుగుతుంది. అంటే గింజలు అతుక్కుని ఏర్పడిన 100 నానోమీటర్ల ముద్ద ఒక్కటి, 20 నానోమీటర్ల గింజ కంటే రఫ్‌గా 15,625 రెట్లు ఎక్కువ వెలుగు చెదరగొడుతుంది. నీ శాంపిల్‌లో పదిహేను వేల మంచి గింజలకు ఒక్క ముద్ద ఉన్నా, మెషీన్‌కు చేరే వెలుగులో సగం దానిదే. టీఈఎం ఫొటోలో నువ్వు లెక్కపెట్టింది మహా అయితే రెండు మూడు వందల గింజలు, ఆ ముద్ద నీకు దొరకనే దొరకదు! కాబట్టి పీడీఐ (గింజల సైజుల్లో తేడా ఎంత ఉందో డీఎల్ఎస్ చూపించే అంకె) ఎంతో చూడు. 0.1 లోపు ఉంటే గింజలన్నీ దాదాపు ఒకే సైజు. 0.7 దాటితే ఆ 95 అనే అంకెను పట్టించుకోనక్కర్లేదు, ఆ శాంపిల్ డీఎల్ఎస్‌కు పనికిరాదు.

మళ్లీ పెట్టే ముందు ఆకురసం పిప్పి పోయేలా సెంట్రిఫ్యూజ్ చేసి, 0.2 మైక్రాన్ సిరంజి ఫిల్టర్‌తో వడకట్టు. పలచన చేయడానికి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడు. పీబీఎస్ (ఉప్పు కలిసిన బఫర్ ద్రావణం) పోశావంటే అందులోని ఉప్పుకి వెండి గింజలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, పసుపు రంగు పోయి బూడిద రంగుకు తిరిగిందంటే అదే జరిగిందనుకో. క్యూవెట్‌ను (మెషీన్‌లో శాంపిల్ పోసి పెట్టే చిన్న గిన్నె) బోరు నీళ్లతో కడిగే అలవాటు మన దగ్గర చాలా ల్యాబుల్లో ఉంది, అది మానేయాలి. ఇంకోటి, మే నెలలో రూమ్ 40 డిగ్రీల మీద ఉంటుంది, మెషీన్ 25కి సెట్ అయి ఉంటుంది. డిగ్రీకి నీటి చిక్కదనం 2 శాతం దాకా మారుతుంది కాబట్టి శాంపిల్ పెట్టగానే రీడింగ్ తీయకు, కొన్ని నిమిషాలు ఆగు. రెండు డైల్యూషన్లలో తీసి చూడు, సైజు మారకపోతే ధైర్యంగా రాసుకో.

ప్రశ్న: వరి ఆకు నుంచి డీఎన్ఏ తీశాను. నానోడ్రాప్‌లో (చుక్క శాంపిల్ ఎంత వెలుగు పీల్చుకుంటుందో కొలిచే మెషీన్) 260/280 రేషియో, అంటే 260, 280 నానోమీటర్ల వెలుగును పీల్చుకున్న నిష్పత్తి, 1.5 వచ్చింది. మా ఫ్రెండ్‌కు 1.9 వచ్చింది. నా డీఎన్ఏ పాడైనట్టేనా?
– ఒక విద్యార్థి, నల్లగొండ

జవాబు: పాడైంది అనలేం తమ్ముడూ, మురికి ఉంది అనొచ్చు. డీఎన్ఏకు 1.8 దగ్గర ఉండాలి. ప్రొటీన్ మిగిలినా, ఫినాల్ మిగిలినా తగ్గుతుంది. ముందు బ్లాంక్ (డీఎన్ఏ లేకుండా సున్నాగా పెట్టే రీడింగ్) దేంతో పెట్టావో చూసుకో. డీఎన్ఏ ఏ బఫర్‌లో కరిగించావో బ్లాంక్ కూడా దాంతోనే పెట్టాలి. నీళ్లలో కరిగించి ఉంటే, ఆ నీళ్లు కొంచెం ఆమ్లంగా ఉన్నా రేషియో 0.2, 0.3 పడిపోతుంది, డీఎన్ఏ శుభ్రంగా ఉన్నా సరే. 260/230 రేషియో (260, 230 నానోమీటర్ల దగ్గరి నిష్పత్తి) కూడా చూడు, వరి ఆకులో పిండి పదార్థాలు, ఫినాలిక్‌లు ఎక్కువ, అవి అక్కడ బయటపడతాయి.

మీ ఫ్రెండ్ మరీ సంబరపడక్కర్లేదు. ఆర్ఎన్ఏ రేషియో 2.0 ఉంటుంది, అది కలిసి ఉంటే 1.9 రావచ్చు, నానోడ్రాప్‌కు ఆ తేడా తెలియదు, రెండింటినీ కలిపి ఎక్కువ డీఎన్ఏ ఉందని చూపిస్తుంది. ఇద్దరూ 0.8 శాతం అగరోజ్ జెల్ (కరెంటుతో డీఎన్ఏ ముక్కలను సైజు ప్రకారం విడదీసే జెల్లీ) మీద నడిపించండి. పైన సన్నటి గీత ఒక్కటే ఉంటే మంచిది, కింద పొగలా పాకి ఉంటే ఆర్ఎన్ఏనో, తునిగిన డీఎన్ఏనో.

ప్రశ్న: ఈ కణాల సైజు మెషీన్‌తో పాలలో నీళ్లు కలిపింది తెలుసుకోవచ్చా? మా పాల సెంటర్‌లో రోజూ ఇదే గొడవ.
– ఒక రైతు, దేవరకొండ

జవాబు: తెలియదండీ. పాలలో ప్రొటీన్ ముద్దలు సగటున 150 నానోమీటర్ల దగ్గర ఉంటాయి, నీళ్లు కలిపితే వాటి సంఖ్య పలచబడుతుంది గానీ సైజు మారదు, పైగా ఆ మెషీన్‌లో పెట్టాలంటే మనమే నీళ్లు కలిపి పెట్టాలి. లక్షల రూపాయల మెషీన్ దీనికి ఎందుకు? లాక్టోమీటర్, వెన్న శాతం రెండూ కలిపి చూడమనండి. లాక్టోమీటర్ ఒక్కదాన్నే నమ్మితే నీళ్లతోపాటు చక్కెరో యూరియానో వేసి రీడింగ్ సరిచేసేవాళ్లు ఉంటారు.