ఎదురుచూస్తున్నది కంపెనీ కోసమా, కొన్న ధర కోసమా?

ప్రశ్న: నాలుగేళ్ల క్రితం ఒక చిన్న కంపెనీ షేర్లు 10 దగ్గర 1,000 కొన్నాను. పడుతుంటే 6 దగ్గర ఇంకో 1,000, 3.50 దగ్గర 2,000 కొని యావరేజ్ చేశాను. ఇప్పుడు 2.30 ఉంది. అప్పట్లో కంపెనీకి 10 కోట్ల షేర్లుండేవి, ఇప్పుడు 25 కోట్లయ్యాయి. తోటి వాటాదారుల్లో కొందరు ఓపిక పట్టమంటున్నారు, కొందరు యాజమాన్యాన్ని తిట్టిపోస్తున్నారు. నా పొదుపులో నాలుగో వంతు దీనికే పెట్టాను. నిద్ర పట్టడం లేదు. ఉంచుకోవాలా, అమ్మేయాలా?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానండీ. యాజమాన్యాన్ని తిడుతున్నవాళ్ల కోపంలో న్యాయం ఉంది. ఓపిక పట్టమంటున్నవాళ్లూ మీ చెడు కోరేవాళ్లు కారు. కానీ రెండు వర్గాలూ ధర గురించే మాట్లాడుకుంటున్నాయి. ముందు లెక్క చూద్దాం.

మీరు పెట్టింది 23,000, సగటు ధర 5.75, ఇప్పటి విలువ 9,200. పోయింది 60 శాతమే అయినా, అసలు వెనక్కి రావాలంటే ఇక్కడి నుంచి 150 శాతం పెరగాలి. ఇలాంటి షేరు ఒక్కరోజులో 20 శాతం ఎగిరితే ప్రాణం లేచొస్తుంది. ఎగిరితే 2.76. మర్నాడు అదే 20 శాతం పడితే 2.21, అంటే బయల్దేరిన చోటికన్నా కిందే.

షేర్ల సంఖ్య సంగతి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. మీరు మొదట కొన్నప్పుడు 10 చొప్పున 10 కోట్ల షేర్లు, అంటే మార్కెట్ ఆ కంపెనీ మొత్తానికి కట్టిన విలువ 100 కోట్లు. ఇప్పుడు 57.5 కోట్లు. కంపెనీ విలువ సుమారు 42 శాతం తగ్గితే మీ మొదటి షేరు 77 శాతం పడింది. మధ్యలో తేడా అంతా కొత్త షేర్ల వల్ల వచ్చిందే. ఇక మీ సగటు ధర 5.75 రావాలంటే కంపెనీ విలువ దాదాపు 144 కోట్లకు చేరాలి. ఆశలు నిండుగా ఉన్న రోజుల్లో కూడా దానికి అంత విలువ లేదు.

కొత్త షేర్లు ఇవ్వడం దానంతటదే తప్పు కాదు. ఆ డబ్బుతో అప్పు తీరిందా, అమ్మకాలు పెరిగాయా, లేక జీతాలకూ వడ్డీలకూ కరిగిపోయిందా అన్నది చూడాలి. వార్షిక నివేదికలో నగదు ప్రవాహ పట్టిక తీసి, వ్యాపారం నుంచి డబ్బు లోపలికి వస్తోందో బయటికి పోతోందో నాలుగేళ్ల వరస చూడండి. ఏటా బయటికే పోతుంటే, చేతిలోని నగదు ఎన్ని నెలలకు సరిపోతుందో లెక్కకట్టండి. అది అయిపోగానే మళ్లీ కొత్త షేర్లు రావచ్చు. అప్పుడు మీ ఓపికకు ఖరీదు మీరే కడతారు.

నష్టంలో ఉన్నది అమ్మడానికి చెయ్యి రాకపోవడం మీ ఒక్కరి బలహీనత కాదు. 1985లోనే హెర్ష్ షెఫ్రిన్, మెయిర్ స్టాట్‌మన్ అనే ఆర్థిక పరిశోధకులు దీని గురించి రాశారు. 1998లో వచ్చిన అధ్యయనంలో టెరెన్స్ ఓడియన్ అనే మరో పరిశోధకుడు ఒక బ్రోకరేజీ సంస్థలోని 10,000 ఖాతాలు పరిశీలిస్తే, జనం లాభాల్లో ఉన్నవి త్వరగా అమ్మి, నష్టాల్లో ఉన్నవి అట్టేపెట్టుకుంటున్నారని తేలింది. ఆ తర్వాతి ఏడాదిలో సగటున బాగా పెరిగింది మాత్రం వాళ్లు అమ్మేసినవే.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇకపై యావరేజ్ చేయడం పూర్తిగా ఆపండి. సగం షేర్లు ఇప్పుడే అమ్మండి. నిద్ర పట్టకపోవడం ఒక్కటే అందుకు చాలిన కారణం. మిగతా సగానికి ఒక షరతు కాగితం మీద రాసుకోండి: వచ్చే రెండు వార్షిక ఫలితాల్లోగా వ్యాపారం నుంచి నగదు రావడం మొదలవ్వాలి, షేర్ల సంఖ్య 25 కోట్లు దాటకూడదు. ఏ ఒక్కటి తప్పినా, ఆ రోజు ధర ఎంతున్నా బయటికొచ్చేయండి. నగదు పట్టిక ఇప్పటికే మరీ అధ్వానంగా కనిపిస్తే ఆ రెండేళ్లు కూడా ఆగొద్దు.

అమ్మేటప్పుడు మార్కెట్ ఆర్డర్ (దొరికిన ధరకు వెంటనే అమ్మేయమనడం) పెట్టకండి. ఇలాంటి షేర్లలో కొనేవాళ్లు 2.25 అంటే అమ్మేవాళ్లు 2.35 అంటారు. ఆ సందే 4 శాతం దాకా ఉంటుంది. ఇంతకన్నా తక్కువకు అమ్మొద్దని చెప్పే లిమిట్ ఆర్డర్ పెట్టి, నాలుగైదు రోజుల్లో కొంచెం కొంచెంగా అమ్మండి.