రొసారియోది పాటల కుటుంబమేనా?

ప్రశ్న: స్పెయిన్ గాయని రొసారియో ఫ్లోరెస్‌కు పాట ఇంట్లోంచే వచ్చిందా? ఆమె పాటల్లోని రుంబా (హుషారైన తాళపు స్పెయిన్ సంగీతం) వాయింపు మా అబ్బాయికి గిటార్ మీద పలకడం లేదు.
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: ఇంట్లోంచేనమ్మా. తల్లి లోలా ఫ్లోరెస్ పేరు మోసిన గాయని, నర్తకి. తండ్రి ‘ఎల్ పెస్కాయిల్యా’ స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతపు రుంబా అయిన కాటలాన్ రుంబాకు ఆద్యుల్లో ఒకరు. రొసారియో 1992లో ‘దె లెయ్’ ఆల్బమ్‌తో నిలదొక్కుకున్నారు. 1995 మే నెలలో తల్లి, రెండు వారాలకే అన్న ఆంతోనియో పోయారు. అయినా పాట ఆపలేదు. 2002లో ‘ముచాస్ ఫ్లోరెస్’ ఆల్బమ్‌కు లాటిన్ గ్రామీ సంగీత పురస్కారం వచ్చింది.

ఇక వాయింపు. నైలాన్ తీగలే వాడమనండి, స్టీలు తీగలైతే మరీ గణగణమంటాయి. పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) పక్కన పెట్టి, వేళ్లతో కిందికీ పైకీ మీటుతూ మధ్యలో అరచేత్తో తీగల మీద టప్పున కొట్టాలి. కొట్టాక చెయ్యి దూరంగా లేస్తే తర్వాతి దెబ్బ ఆలస్యమై తాళం తప్పుతుంది. మణికట్టు వదులుగా ఉండాలి. ముందు నిమిషానికి 60 దెబ్బల చొప్పున, ఎడమ చేత్తో తీగలు మూసి సాధన చేయించండి.