అపెండిక్స్‌కి ల్యాప్రోస్కోపీనా, పొట్ట కోసే ఆపరేషనా?

మీ తమ్ముడికి అపెండిక్స్ వాచిందనీ, డాక్టరుగారు ల్యాప్రోస్కోపీ అన్నారనీ, మీ అమ్మగారేమో "చిన్న చిల్లుల్లోంచి లోపల ఏం కనపడుతుంది, కోసి తీస్తేనే నయం" అంటున్నారనీ రాశారు. మూడేళ్ల కిందట మా ఇంట్లోనూ ఇదే వాదన. మంచం మీద ఉన్నది నేను.

కనపడదన్న బెంగ అక్కర్లేదండీ. బొడ్డు దగ్గర గాటు పెట్టి, గ్యాస్‌తో పొట్ట ఉబ్బించి కెమెరా దింపుతారు. కుడి పక్కన చిన్నగా కోస్తే కనపడేది ఆ చుట్టుపక్కలే, కెమెరాకైతే పొట్టంతా కనపడుతుంది. ఆడవాళ్లలో నొప్పి అపెండిక్స్‌దా, అండాశయానిదా అన్నదీ చాలాసార్లు అక్కడే తేలుతుంది. అసలు 1980లో జర్మనీలోని కీల్‌లో ఈ పద్ధతిలో మొదట అపెండిక్స్ తీసిన కుర్ట్ సెమ్ గైనకాలజిస్టే.

నాకు మూడు గాట్లు. బొడ్డు దగ్గరది సెంటీమీటరు, మిగతా రెండూ అందులో సగం. అపెండిక్స్‌కి రక్తం వచ్చే నాళాన్ని మూసేసి, అపెండిక్స్ మొదలు దగ్గర ముడి బిగించి కత్తిరించి, చిన్న సంచిలో వేసి బొడ్డు గాటులోంచే తీశారు.

ఒక సంగతి మాత్రం నాకెవరూ ముందు చెప్పలేదు. మర్నాడు పొద్దున కుట్ల కంటే కుడి భుజం ఎక్కువ లాగింది. మా ఆవిడ గుండె నొప్పేమోనని హడలిపోయి నర్సమ్మను పిలుచుకొచ్చింది. లోపల మిగిలిన గ్యాస్ వల్ల ఊపిరితిత్తుల కింది పొర ఒరుసుకుంటే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందట. వరండాలో మెల్లగా నాలుగు అడుగులు వేస్తుంటే రెండు రోజుల్లో పోయింది. మీ తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి. ఆయాసం, ఛాతీలో బరువు ఉంటే మాత్రం వెంటనే డాక్టరుకి చెప్పాలి.

పప్పు తింటే కుట్లు చీము పడతాయని మా అత్తగారు పట్టుబట్టారు. డాక్టరుగారు పప్పు, గుడ్డు తినమన్నారు, తిన్నాను, ఏమీ కాలేదు.

పెద్దవాళ్లు దీన్ని 24 గంటల నొప్పి అనేది ఊరికే కాదు. బొడ్డు చుట్టూ మొదలైన నొప్పిని అరగని నొప్పి అనుకుని ఒకటిన్నర రోజు ఆగాను. కుడి పక్క కిందికి దిగాక గానీ కదల్లేదు. ఇంకాస్త ఆగితే పగిలేదన్నారు. పగిలి చీము పడితే ల్యాప్రోస్కోపీ మొదలుపెట్టినా మధ్యలో కోయాల్సి రావచ్చు. సంతకం పెట్టించుకునే కాగితంలో ఆ మాట కూడా ఉంటుంది, చూసి కంగారు పడకండి. డాక్టరు ఈ రాత్రే అంటే, రేపు అమావాస్య అనో ఎల్లుండి మంచిదనో ఆగకుండా ఈ రాత్రే చేయించండి.